సబ్‌వూఫర్‌లో ఆగని "గుంయ్", వెనక స్పీకర్లలో "టిక్ టిక్"... తప్పు ఏ వైరుది?

చెవులుపోతున్నాయ్:

నెల కిందట హాల్లో టీవీ ఒక గోడ మీంచి ఎదురు గోడకి మార్చాం. అంతకుముందు మూడేళ్లు ఏ గొడవా లేదు. మార్చిన రోజు సాయంత్రం వైర్లన్నీ కలిపి ఆన్ చేస్తే సబ్‌వూఫర్‌లోంచి "గుంయ్" అని ఒకటే మోత మొదలైంది, ఇవాళ్టి దాకా ఆగలేదు. వాల్యూమ్ పెంచినా అంతే, సున్నాకి తెచ్చినా అంతే, మ్యూట్ నొక్కినా అంతే. సినిమాలో గోల ఉన్నంతసేపూ తెలీదు గానీ, ఎవరూ మాట్లాడని సీన్ వచ్చిందంటే పక్క గదిలో మోటారు తిరుగుతున్నట్టే ఉంటుంది.

ఏమేం ఉన్నాయో చెప్తాను. టీవీ, కేబుల్ సెట్‌టాప్ బాక్స్, 5.1 రిసీవర్ (స్పీకర్లకి సౌండ్ పంపే ఆంప్), సబ్‌వూఫర్ (లోతైన బాస్ శబ్దాల స్పీకర్). సబ్‌వూఫర్‌కి సొంత కరెంటు వైరుంది, త్రీ పిన్, రిసీవర్ నుంచి దానికి ఒక ఆర్‌సీఏ వైరు (మామూలు ఆడియో వైరు) వెళ్తుంది. వెనక రెండు స్పీకర్లు వైర్‌లెస్, వాటి ట్రాన్స్‌మిటర్ డబ్బా టీవీ వెనకే పెట్టాను. సినిమాలున్న హార్డ్ డిస్క్ టీవీకి పెట్టి ఉంటుంది. రౌటర్ కూడా అదే స్టాండులో. స్థలం తక్కువ, అన్నీ ఒకదాని నెత్తిన ఒకటి ఉన్నాయి.

రెండో బాధ ఈ వెనక స్పీకర్లది. అవి గుంయ్‌మనవు, కానీ ఉన్నట్టుండి టిక్ టిక్‌మని తెగిపోతాయి, రెండు సెకన్లకి మళ్లీ వస్తాయి. రోజూ కాదు. ఎప్పుడు తెగుతాయో ఒక లెక్కా పాడూ లేదు.

ఇప్పటిదాకా చేసినవి: ఆర్‌సీఏ వైరు మార్చాను, బంగారు పూత ఉన్నదీ బాగా లావుగా ఉన్నదీ చూసి మరీ తెచ్చాను, వీసమెత్తు తేడా లేదు. ఎక్స్‌టెన్షన్ బాక్స్ మార్చాను. తెలిసినాయన రిసీవర్ పోయిందేమో సర్వీసుకి ఇచ్చెయ్ అంటున్నాడు. ఇచ్చేముందు ఇక్కడ ఒకసారి అడుగుదామని.

పాతరేడియో:

సర్వీసుకి ఇవ్వకండి, ఇంకా ఏమీ కొనకండి కూడా. మీరు చెప్పినవి రెండు వేర్వేరు జబ్బులు. ఒకే రోజు మొదలయ్యాయని ఒకే మందు వెతికితే ఇంకో నెల పోతుంది.

ముందు గుంయ్ సంగతి చూద్దాం. వాల్యూమ్ సున్నాలో పెట్టినా మోత తగ్గలేదన్నారు చూడండి, మీ పోస్టులో అన్నిటికన్నా పనికొచ్చే మాట అది. రిసీవర్ లోపల వాల్యూమ్ దాటకముందే మోత కలుస్తుంటే, వాల్యూమ్‌తో పాటే పెరగాలి, తగ్గాలి. అలా జరగడం లేదంటే అది వాల్యూమ్ దాటాకే, అంటే రిసీవర్‌కీ సబ్‌వూఫర్‌కీ మధ్యనో, సబ్‌వూఫర్‌లోనో కలుస్తోంది.

ఇంకోటి, ఆ శబ్దం ఎలా ఉందో కాస్త శ్రద్ధగా వినండి. లోతుగా, నున్నగా, ఊపిరి ఆపకుండా రాగం తీస్తున్నట్టు ఉంటే అది కరెంటు ఫ్రీక్వెన్సీయే, మీరుండే చోట కరెంటు 50 హెర్ట్జ్ అయితే 50, 60 అయితే 60. అది మామూలుగా ఎర్త్ దారుల్లో వచ్చే గొడవ. అలా కాకుండా గరుగ్గా "జుర్ర్ర్" అని ఈగ ముసిరినట్టు ఉంటే, దానికి రెట్టింపు ఫ్రీక్వెన్సీ, అంతకన్నా పైవీ కలిసి ఉంటాయి, అప్పుడు లైటు డిమ్మర్లూ, అడాప్టర్లూ, ఆంప్ లోపలి పవర్ సప్లై వైపు చూడాలి. మీది మొదటిదే అనిపిస్తోంది.

ఈ రాత్రి ఒక్క పని చేయండి. సబ్‌వూఫర్ ఆన్‌లోనే ఉంచి, రిసీవర్ నుంచి వచ్చే ఆర్‌సీఏ వైరుని సబ్‌వూఫర్ దగ్గర పీకేయండి. పీకేముందు సబ్‌వూఫర్ నాబ్ బాగా తగ్గించండి, లేకపోతే పీకినప్పుడు ధడేల్‌మంటుంది. మోత ఆగిందా, ఉందా? అది చెప్పండి చాలు.

షార్ట్‌కట్:

ఇంత కథ ఎందుకు బ్రదర్, సబ్‌వూఫర్ త్రీ పిన్‌లో ఎర్త్ పిన్ తీసేయ్. లేదంటే త్రీ పిన్‌ని టూ పిన్ చేసే కన్వర్టర్ పెట్టు. ఒక్క నిమిషంలో మోత పోతుంది. నేను రెండేళ్లుగా అలాగే వాడుతున్నా, ఏమీ కాలేదు.

తీగలచిక్కు:

@షార్ట్‌కట్ మోత పోతుందనేది నిజమే, అబద్ధం అనడం లేదు. అందుకే ఈ సలహా ఇన్నేళ్లుగా చావకుండా తిరుగుతోంది.

కానీ ఆ పిన్ అక్కడ ఎందుకుందో చూడండి. సబ్‌వూఫర్ లోపల ఎప్పుడైనా ఇన్సులేషన్ పోయి లైవ్ వైరు దాని లోహపు ప్లేటుకి తగిలిందనుకోండి, ఎర్త్ ఉంటే కరెంటు అటు దూకి ఫ్యూజో బ్రేకరో ఎగిరిపోతుంది, మీకు తెలిసిపోతుంది. ఎర్త్ తీసేస్తే ఏదీ ఎగరదు. ఆ ప్లేటు లైవ్‌గానే కూర్చుంటుంది, చూడ్డానికి మామూలుగానే ఉంటుంది. అంతటితో అయిపోదు, ఆర్‌సీఏ వైరు పైజాలీ (లోపలి తీగ చుట్టూ ఉండే లోహపు అల్లిక) ఆ ప్లేటుకే కలిసి ఉంటుంది కాబట్టి అక్కణ్నుంచి రిసీవర్, రిసీవర్ నుంచి హెచ్‌డీఎంఐ మీదుగా టీవీ, అన్నీ లైవ్. తడి చేత్తో ఎవరు ముందు ముట్టుకుంటారనేదే మిగిలిన ప్రశ్న.

రెండేళ్లు ఏమీ కాలేదంటే ఆ రెండేళ్లలో లోపల ఏమీ పాడవలేదని మాత్రమే అర్థం.

పరీక్ష కోసం కూడా ఆ పిన్ తీయొద్దు. ఇదే విషయం తేల్చడానికి ప్రమాదం లేని దారులు నాలుగున్నాయి.

షార్ట్‌కట్:

సరే బాబూ, తిట్టింది చాలు. కన్వర్టర్ పీకి పారేస్తున్నా. ఇప్పుడు నా మోత సంగతీ ఇక్కడే తేల్చండి మరి.

ఆప్టికల్ భక్తుడు:

దీనికి ఆప్టికల్ వైరు కన్నా సుఖమైన దారి లేదండీ. తోషిబా 1983లో తెచ్చిన టాస్‌లింక్ అదే. ఆ వైర్లో రాగి తీగే ఉండదు, ప్లాస్టిక్ ఫైబర్లోంచి ఎర్ర వెలుతురు మాత్రమే పోతుంది, కరెంటు పోయే వీలే లేదు. సెట్‌టాప్ బాక్స్ నుంచి రిసీవర్‌కి ఆప్టికల్ వేయండి, గుంయ్ మాయం.

చెవులుపోతున్నాయ్:

అందరికీ థాంక్స్. నిన్న రాత్రి అందరూ పడుకున్నాక కూర్చున్నాను.

@పాతరేడియో గారూ, ఆర్‌సీఏ పీకగానే మోత టక్కున ఆగింది. మళ్లీ పెట్టగానే వచ్చింది. శబ్దం మీరన్న మొదటి రకమే, నున్నగా ఉంది. అంటే సబ్‌వూఫర్ బాగానే ఉన్నట్టేనా?

@ఆప్టికల్ భక్తుడు గారూ, ఇంట్లో పాత ఆప్టికల్ వైరుంటే అదీ వేశాను. రిసీవర్లో ఇన్‌పుట్ కూడా మార్చాను. సౌండ్ ఆప్టికల్ మీంచే వస్తోంది, మోత మాత్రం కదల్లేదు. ఇదేంటో నాకు అర్థం కాలేదు, వెలుతురులోంచి మోత ఎలా వస్తుంది?

తీగలచిక్కు:

వెలుతురులోంచి రాలేదండీ. మీరు ఆప్టికల్ వేశారు గానీ, బొమ్మ కోసం హెచ్‌డీఎంఐ వైర్లు అలాగే ఉంచి ఉంటారు కదా? బాక్స్ నుంచి రిసీవర్‌కి ఒకటి, రిసీవర్ నుంచి టీవీకి ఒకటి. హెచ్‌డీఎంఐలో లోపల గ్రౌండ్ తీగలున్నాయి, పైన లోహపు జాలీ ఉంది. సౌండ్ ఏ దారిలో వెళ్తోందనేది కాదు లెక్క, డబ్బాల లోహం ఒకదానికొకటి ఎక్కడెక్కడ కలిసి ఉందనేది లెక్క. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. ఆప్టికల్ వైరు తప్పేం చేయలేదు, పక్కనే ఇంకో తలుపు బార్లా తెరిచి ఉంది.

ఆర్‌సీఏ పీకితే ఆగిందంటే మీ సబ్‌వూఫర్ శుభ్రంగా ఉంది, ఎర్త్ లూప్ ఉంది. సబ్‌వూఫర్ త్రీ పిన్ ద్వారా ఇంటి ఎర్త్‌కి కలుస్తోంది. అటువైపు రిసీవర్ ఇంకెక్కడో ఇంకో దారిలో భూమికి కలుస్తోంది. ఆ రెండు చోట్లా వోల్టేజీ అచ్చంగా ఒకటే ఉండదు, ఇసుమంత తేడా ఉంటుంది, ఆ తేడా మీ ఆర్‌సీఏ వైరు పైజాలీలోంచి కరెంటుని నడిపిస్తుంది. ఆర్‌సీఏలో ఆ జాలీయే సిగ్నల్‌కి తిరుగు దారి కూడా. దాంతో సబ్‌వూఫర్ ఆ తేడాని కూడా సంగీతమే అనుకుని వాయించేస్తుంది. మీరు వైరు ఎంత లావుది కొన్నా, ఎన్ని పూతలున్నది కొన్నా అది మారదు. అన్నట్టు ఫెరైట్ క్లిప్పులు (వైరుకి తగిలించే నల్ల ముక్కలు) కూడా కొనకండి, అవి బాగా పై ఫ్రీక్వెన్సీల మీద పనిచేసేవి, 50 హెర్ట్జ్‌ని అవి పట్టించుకోవు.

ఇక మీ రిసీవర్ ప్లగ్ టూ పిన్నా, త్రీ పిన్నా? టూ పిన్ అయితే నా అనుమానమంతా కేబుల్ వైరు మీదే. బయట్నుంచి వచ్చే ఆ కోయాక్సియల్ వైరు పైజాలీ ఇంకెక్కడో బయట ఎర్త్ అయి ఉంటుంది. అక్కణ్నుంచి సెట్‌టాప్ బాక్స్, హెచ్‌డీఎంఐ, రిసీవర్, ఆర్‌సీఏ, సబ్‌వూఫర్, గోడ ఎర్త్. చుట్టు పూర్తయింది చూడండి.

మోత వస్తుండగానే ఆ కేబుల్ వైరుని సెట్‌టాప్ బాక్స్ వెనక నుంచి విప్పి చూడండి. కానీ ఒక జాగ్రత్త, విప్పుతుంటే నిప్పురవ్వ కనిపించినా, చేతికి జివ్వుమన్నా అక్కడితో ఆపేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. అప్పుడది మోత సమస్య కాదు.

ల్యాప్‌టాప్ కేసు:

మధ్యలో దూరుతున్నా. నాది ల్యాప్‌టాప్ ఆడియో వైరు ఆంప్‌కి పెడితే జుర్ర్‌మంటుంది, చార్జర్ పీకితే నిశ్శబ్దం. ఇదీ అదేనా?

పాతరేడియో:

@ల్యాప్‌టాప్ కేసు ఇంచుమించు అదే కుటుంబం. చార్జర్ త్రీ పిన్ అయితే పైన చెప్పిన లూపే. టూ పిన్ అయితే చార్జర్ లోపలి చిన్న కెపాసిటర్ మీదుగా కొద్దిగా కరెంటు కారుతుంది, ల్యాప్‌టాప్ లోహపు మూత మీద వేలు తేలిగ్గా రాస్తే గరగరలాడుతున్నట్టు ఉంటుందే, అది. ఆంప్‌నీ చార్జర్‌నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి పెట్టి చూడండి, తగ్గకపోతే మధ్యలో ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (సౌండ్‌ని పంపుతూనే రెండు వైపుల లోహాన్నీ విడదీసే చిన్న డబ్బా) పెట్టండి. లేదా సినిమా చూసినంతసేపూ బ్యాటరీ మీదే నడిపించండి, నేను చేసేది అదే.

చెవులుపోతున్నాయ్:

దొరికిందండీ!!

రిసీవర్ టూ పిన్నే. టార్చి నోట్లో పెట్టుకుని స్టాండు వెనక దూరాను, ఎడం చెయ్యి సబ్‌వూఫర్ కోన్ (శబ్దానికి వణికే పొర) మీద ఆనించి, కుడి చేత్తో కేబుల్ కనెక్టర్ విప్పడం మొదలుపెట్టాను. మర తిరుగుతున్నంతసేపూ వేళ్ల కింద కోన్ సన్నగా వణుకుతూనే ఉంది. కనెక్టర్ ఊడి చేతిలోకి వచ్చింది, వణుకు ఆగింది. ఇల్లంతా ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దమైపోయిందంటే రౌటర్ లోపలి చిన్న కూత కూడా వినిపించింది, అదొకటి ఉందని నాకు ఇన్నాళ్లూ తెలీదు.

తర్వాత ఊరికే ఉండలేక ఇంకోటి చేశాను. మధ్యలో ఉండే సన్న తీగ లోపలికి పోకుండా, కనెక్టర్ అంచు మాత్రం పక్కనుంచి బాక్స్ మరకి తాకించాను. గుంయ్. తీశాను, నిశ్శబ్దం. మళ్లీ తాకించాను, గుంయ్. ఛానెల్ బొమ్మ రాకుండానే మోత వస్తోంది! స్విచ్ వేసి తీస్తున్నట్టే ఉంది, నవ్వొచ్చింది. రవ్వలేం రాలేదు, చేతికి ఏమీ తగల్లేదు.

ఇప్పుడు నా డౌటు ఒకటే. పాత గోడ దగ్గర కూడా ఇదే కేబుల్, ఇదే బాక్స్, ఇదే సబ్‌వూఫర్. మూడేళ్లు ఎందుకు మోత రాలేదు?

తీగలచిక్కు:

మంచి డౌటు. పాత గోడ దగ్గర సబ్‌వూఫర్‌ని దేనికి పెట్టేవారు? ఆ ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఇంకా ఇంట్లో ఉందా? ఉంటే గోడకి పెట్టకుండా, చేత్తో పట్టుకుని మల్టీమీటర్‌తో చూడండి, ప్లగ్ ఎర్త్ పిన్ నుంచి బాక్స్ సాకెట్ ఎర్త్ రంధ్రానికి కంటిన్యుటీ (తీగ తెగకుండా కలిసి ఉండటం) ఉందో లేదో.

చెవులుపోతున్నాయ్:

లేదు.

స్క్రూలు విప్పి చూశాను. లోపలి ఆకుపచ్చ తీగ ఊడిపోయి పక్కకి పడుంది, చివర నల్లబడింది కూడా. అంటే మూడేళ్లు మా సబ్‌వూఫర్‌కి ఎర్తే లేదన్నమాట. టెన్షన్ వచ్చిందండీ నిజంగా, పిల్లలు దాని మీద కూర్చునేవాళ్లు.

తీగలచిక్కు:

అదీ సంగతి. లూప్ అంటే చుట్టు పూర్తవ్వాలి, మీ పాత బాక్సులో తీగ ఊడి చుట్టు తెగింది, అందుకే నిశ్శబ్దం. @షార్ట్‌కట్ గారి కన్వర్టర్ చేసే పనే అది మీకు చెప్పకుండా చేసింది. ఆ బాక్సు మళ్లీ బిగించి వాడుకుందామని చూడకండి, చివర నల్లబడిందన్నారు కదా, పారేయండి.

ఇప్పుడు అసలు పని. సరైన మందు ఏమిటంటే కేబుల్ వైరు ఇంట్లోకి వచ్చే చోట దాని పైజాలీని మీ ఇంటి కరెంటు ఎర్త్‌కే కలపడం, అప్పుడు రెండు ఎర్త్‌లు ఒకటే అవుతాయి. అది కేబుల్ వాళ్లూ ఎలక్ట్రీషియనూ కలిసి చేయాల్సిన పని, మీరు చేసేది కాదు, వాళ్లిద్దరినీ ఒకే రోజు రప్పించడం మీ ఓపిక. అది అయ్యేలోగా, లేదా అది అయ్యాక కూడా కాస్త మోత మిగిలితే, గాల్వానిక్ ఐసొలేటర్ అని వేలెడంత డబ్బా వస్తుంది, కేబుల్ వైరుకీ సెట్‌టాప్ బాక్స్‌కీ మధ్య మరతో బిగించేయడమే. లోపల చిన్న కెపాసిటర్లుంటాయి. టీవీ సిగ్నల్ మెగాహెర్ట్జ్‌లలో ఉంటుంది కాబట్టి వాటిలోంచి హాయిగా దూసుకుపోతుంది, 50 హెర్ట్జ్ మాత్రం ఆగిపోతుంది. కొనేటప్పుడు దాని మీద 5 నుంచి 1000 మెగాహెర్ట్జ్ దాకా అని ఉందో లేదో చూడండి, అదే వైరు మీద కేబుల్ ఇంటర్నెట్ కూడా వస్తుంటే కింది ఫ్రీక్వెన్సీలు ముఖ్యం, మోడెమ్ వెనక్కి పంపేది వాటి మీదే.

వైరు చీలి మోడెమ్‌కీ బాక్స్‌కీ వెళ్తుంటే ఐసొలేటర్ చీలే చోటుకి ముందు పెట్టండి. కానీ బయటి ఎర్త్ కలిసే చోటు దాటాకే పెట్టాలి, ఇంట్లో వైపు. అటుపక్క పెడితే పిడుగుల కోసం వేసిన ఎర్త్‌కి అర్థం ఉండదు.

డిష్ వాడు:

నాక్కూడా ఇదే మోత, కాకపోతే నాది డిష్. అదే ఐసొలేటర్ పెట్టుకోవచ్చా?

తీగలచిక్కు:

వద్దు. మీ వైరు మీద సిగ్నల్ కిందికి రావడమే కాదు, బాక్స్ నుంచి పైన ఎల్‌ఎన్‌బీకి (డిష్ మీద సిగ్నల్ పట్టే డబ్బాకి) కరెంటు కూడా వెళ్తుంది, 13 వోల్టులో 18 వోల్టులో డీసీ. మామూలు ఐసొలేటర్ డీసీని ఆపేస్తుంది, మీకు మోతా పోతుంది, బొమ్మా పోతుంది. డిష్ వాళ్లకి దారి ఎర్త్ సరిగ్గా కలిపించుకోవడం, లేదా సబ్‌వూఫర్ ఆర్‌సీఏ వైరు మధ్యలో ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడం.

పాతరేడియో:

ఆ ట్రాన్స్‌ఫార్మర్ గురించి ఒక మాట. వాటిలో మరీ చిన్నవి, కార్ల కోసం అమ్మేవి, సబ్‌వూఫర్‌కి పెడితే మోతతో పాటు బాస్ కూడా కొంత పట్టుకుపోతుంది. కింది ఫ్రీక్వెన్సీ దాటించాలంటే ట్రాన్స్‌ఫార్మర్ కోర్ పెద్దది కావాలి, చిన్న కోర్ 30, 40 హెర్ట్జ్ దగ్గర నిండిపోయి సౌండ్‌ని గీకేస్తుంది. నేను ఒకటి పెట్టి వారం రోజులు సంతోషించాను. ఆ తర్వాత ఒకరోజు తీసి విన్నాను, ఇంట్లో సబ్‌వూఫర్ ఉందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

@షార్ట్‌కట్, మీదేమైంది?

షార్ట్‌కట్:

నాది కేబుల్ కాదు, పాత రికార్డ్ ప్లేయర్. దాని వెనక ఒక సన్న నల్ల వైరు వేలాడుతుంటే ఎందుకూ పనికిరాదని టేపు వేసి కట్టేశాను. ఇప్పుడు చూస్తే ఆంప్ వెనక గ్రౌండ్ అని స్క్రూ ఉంది. దానికి బిగించాను. ఇంకేం చెప్పను...

పాతరేడియో:

హహ. ఆ వైరు అందుకే ఉంది. రికార్డ్ ప్లేయర్ ముల్లు నుంచి వచ్చేది నాలుగైదు మిల్లీవోల్టులు, దాన్ని ఫోనో ప్రీఆంప్ దాదాపు వంద రెట్లు పెంచుతుంది. పక్కనున్న మోతని కూడా అంతే ప్రేమగా పెంచుతుంది. సీడీ ప్లేయర్‌కి చెవులకే రాని మోత దీనికి ఇల్లెక్కి అరుస్తుంది.

5 గిగా:

గుంయ్ అయిపోయినట్టుంది కాబట్టి టిక్ టిక్ దగ్గరికి వద్దామా? దీన్ని అందరూ మర్చిపోయారు.

వైర్‌లెస్ స్పీకర్లలో చాలా రకాలు 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తాయి. అదో సంతలాంటి చోటు. వైఫై అక్కడే, బ్లూటూత్ అక్కడే, మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఆ పక్కనే, 2.45 దగ్గర. మీ రౌటర్ ట్రాన్స్‌మిటర్‌ని ఆనుకునే ఉందన్నారు. ముందు రౌటర్‌ని ఒక రెండు మీటర్ల అవతలికి జరపండి, ఫోన్లూ టీవీ అన్నీ 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చండి, 2.4లో మిగిలిన వాటికి ఛానెల్ 1, 6, 11లో ఏదో ఒకటి గట్టిగా ఫిక్స్ చేయండి, ఆటోలో వదలొద్దు. ఆ మూడూ ఒకదాని మీద ఒకటి పడవు.

చెవులుపోతున్నాయ్:

@5 గిగా గారూ, అన్నీ చేశాను. కొంచెం తగ్గింది గానీ పోలేదు. ఒకటి మాత్రం కనిపెట్టాను, మూడు రోజులు చీటీ మీద టైములు రాసుకున్నాను. ఛానెళ్లు చూస్తున్నప్పుడు ఒక్కసారి కూడా తెగలేదు. తెగినవన్నీ హార్డ్ డిస్క్ నుంచి సినిమా చూసినప్పుడే. డిస్క్‌లో ఫైళ్లు పాడైపోయాయా?

5 గిగా:

అయ్యో, ముందే అడగాల్సింది. ఫైళ్లు పాడైతే ముందు స్పీకర్లు కూడా తెగాలి కదా, మీకు వెనకవే తెగుతున్నాయి. హార్డ్ డిస్క్ టీవీలో ఏ రంధ్రంలో పెట్టారు? లోపల నీలం రంగు ప్లాస్టిక్ ఉన్నదా? ట్రాన్స్‌మిటర్ దానికి ఎంత దూరం?

చెవులుపోతున్నాయ్:

నీలందే. ట్రాన్స్‌మిటర్ డబ్బా మీదే హార్డ్ డిస్క్ పెట్టాను. ☹

5 గిగా:

దొంగ దొరికాడు.

యూఎస్‌బీ 3.0 సెకనుకి 5 గిగాబిట్ల వేగంతో పనిచేస్తుంది. అంత వేగంగా సున్నాలూ ఒకట్లూ మారుతుంటే డిస్క్ నుంచీ, దాని వైరు నుంచీ, కనెక్టర్ దగ్గరా రేడియో రొద బయటికి చిమ్ముతుంది. ఆ రొద ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర ఆగదు, వెడల్పుగా పరుచుకుంటుంది, 2.4 గిగాహెర్ట్జ్ సరిగ్గా దాని మధ్యలో పడుతుంది. ఇది నా ఊహ కాదు, ఇంటెల్ వాళ్లే 2012లో దీని మీద కొలతలతో ఒక పత్రం వేశారు. వైర్‌లెస్ మౌస్ డాంగిల్ పక్కన ఇలాంటి డిస్క్ పెడితే మౌస్ నత్తనడక నడిచేది కూడా ఇందుకే. ఛానెల్ మార్చినా పోదు, ఎందుకంటే రొద అన్ని ఛానెళ్ల మీదా ఉంది.

మీరు చేయాల్సింది చాలా తేలిక. డిస్క్‌ని ట్రాన్స్‌మిటర్ నెత్తి మీంచి దించి వీలైనంత దూరం పెట్టండి. ఇంకా తెగితే డిస్క్‌ని టీవీలో నీలం కాని రంధ్రానికి, అంటే యూఎస్‌బీ 2.0కి మార్చండి. వేగం తగ్గుతుందని భయపడకండి, 4కే బ్లూరే డిస్కే అత్యధికంగా సెకనుకి 150 మెగాబిట్ల లోపే, యూఎస్‌బీ 2.0 పేరుకి 480, నిజంగా చేతికొచ్చేది అంతకన్నా తక్కువైనా సినిమాకి సరిపోతుంది. ఫైళ్లు కాపీ చేసేటప్పుడు మాత్రం నీలం దాంట్లో పెట్టుకోండి, అప్పుడు స్పీకర్లతో పని ఉండదు కదా.

పాతరేడియో:

ఇది నాకూ కొత్త సంగతే. మా రోజుల్లో ఫోన్ మోగబోయే ముందు రేడియోలో "టిటిట్ టిటిట్ టిటిట్" అని వచ్చేది, ఎవరో ఫోన్ చేస్తున్నారని ఫోన్ కన్నా ముందు స్పీకర్ చెప్పేది. 2జీ ఫోన్ సెకనుకి సుమారు 217 సార్లు ఆగి ఆగి సిగ్నల్ చిమ్మేది, ఆంప్ వైర్లు దాన్ని ఏరియల్ లాగా పట్టేసేవి. ఇప్పటి ఫోన్లలో అది దాదాపు పోయింది. పోయిందని సంతోషిస్తుంటే హార్డ్ డిస్క్ వచ్చింది.

చెవులుపోతున్నాయ్:

పది రోజులు ఆగి రాస్తున్నాను, ముందే పండగ చేసుకుని తర్వాత నాలుక కరుచుకోవడం ఎందుకని.

ఐసొలేటర్ పెట్టాను. ఒక్క నిమిషం పని. సబ్‌వూఫర్ కోన్ మీద చెయ్యి పెడితే కదలిక లేదు. ఛానెళ్లన్నీ మునుపటిలాగే వస్తున్నాయి. కేబుల్ వాళ్లకి ఎర్త్ గురించి చెప్పాను, వస్తామన్నారు, ఇంకా రాలేదు. ఎలక్ట్రీషియన్ మాత్రం వచ్చి కొత్త గోడ సాకెట్ ఎర్త్ చూసి బాగానే ఉందన్నాడు, పనిలో పనిగా ఇంట్లో మిగతా ఎక్స్‌టెన్షన్ బాక్సులన్నీ పట్టుకొచ్చి చూపించాను, ఇంకొకటి కూడా ఎర్త్ లేనిది దొరికింది. అదీ చెత్తలోకి పోయింది.

హార్డ్ డిస్క్ దూరం జరిపాక టిక్ టిక్ బాగా తగ్గింది, 2.0కి మార్చాక పూర్తిగా పోయింది. నాలుగు సినిమాలు చూశాం, ఒక్కసారి కూడా తెగలేదు.

ఇంకొక్కటి మాత్రం ఉంది. రిసీవర్‌కి కలిసిన ముందు స్పీకర్ల దగ్గర చెవి ఆనిస్తే సన్నగా "స్స్స్" అని వినిపిస్తోంది. దీనికేం చేయాలి?

తీగలచిక్కు:

కూర్చునే చోటికి వినిపిస్తోందా?

చెవులుపోతున్నాయ్:

లేదు.

తీగలచిక్కు:

అది ఆంప్ సొంత రొద, ప్రతి ఆంప్‌కీ ఎంతో కొంత ఉంటుంది. చెవి తీసేయండి.